పుట్టిన ఊరే ఇంటిపేరు: అలెన్ బ్రెయిన్ అట్లాస్ ఏడాది వాడాక

అమెరికాలో సియాటిల్ నగరంలో అలెన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ ఉంది. మైక్రోసాఫ్ట్ స్థాపించిన ఇద్దరిలో ఒకరైన పాల్ అలెన్ 2003లో 10 కోట్ల డాలర్లతో దాన్ని మొదలుపెట్టారు. మెదడును పలచటి ముక్కలుగా కోసి, ఏ జన్యువు ఏ మూల పనిచేస్తోందో తెలిసేలా రంగు ఎక్కించి, ఫొటోలు తీసి, ఎవరైనా చూసుకోండని ఇంటర్నెట్‌లో పెట్టేశారు. అదే బ్రెయిన్ అట్లాస్. రూపాయి కట్టక్కర్లేదు, లాగిన్ కూడా అడగదు. ఏడాదిగా వారానికి రెండు మూడు రాత్రులు దాని ముందే కూర్చుంటున్నాను. వాడినంతలో నాకు అర్థమైంది రాస్తున్నాను.

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. మెదడు నా సబ్జెక్టులో ఒక యూనిట్, అంతే. ఈ అట్లాస్ దాకా నన్ను నడిపించింది మా అక్క కొడుకు.

వాడికి ఆరో నెలలో మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. అమ్మ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని తలంటి పోసింది. సాంబ్రాణి పొగ వేసి ఉయ్యాలలో వేయబోతుంటే వాడి ఎడమ చెయ్యి కొట్టుకోవడం మొదలైంది. ఇరవై నిమిషాలకు గానీ ఆగలేదు. తర్వాత కూడా వేడినీళ్ళు పోసినప్పుడో, ఒళ్ళు కాలినప్పుడో వచ్చేవి. మన దక్షిణాదిలో వేడినీళ్ళ స్నానంతో వచ్చే మూర్ఛ ఒకటి ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో దాని మీద ఏళ్ళ తరబడి పరిశోధన జరిగింది. అప్పుడు చూసిన డాక్టరుగారు ఇదీ అదేననుకున్నారు. కార్బమజెపైన్ రాశారు. తగ్గకపోగా రోజు మార్చి రోజు రావడం మొదలుపెట్టాయి. ఏడాదిన్నర అలాగే గడిచింది. చివరికి ఇంకో ఆస్పత్రిలో జన్యు పరీక్ష చేయిస్తే ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో మార్పు ఉందని, దీన్ని డ్రావే సిండ్రోమ్ అంటారని, పసితనంలో మొదలయ్యే మొండి మూర్ఛ అని తేలింది. మందులు మార్చారు. ఇప్పుడు వాడికి ఆరేళ్ళు. ఫిట్స్ పూర్తిగా పోలేదు గానీ నెలకో రెండు నెలలకో ఒకసారి. మాటలు ఆలస్యంగా వచ్చాయి, కానీ నన్ను "పిన్నీ" అని పిలుస్తాడు.

రిపోర్టు చేతికొచ్చిన రోజున అక్క నన్ను అడిగింది. "నువ్వు జువాలజీ చదివావు కదే, ఈ ఎస్‌సీఎన్1ఏ మెదడులో ఎక్కడుంటుంది? వీడికి ఎక్కడ తేడా వచ్చింది?" పద్దెనిమిదేళ్ళ సర్వీసు ఉండి కూడా నోరు మెదపలేకపోయాను. కిందటేడు, పీహెచ్‌డీ చేస్తున్న నా పాత విద్యార్థిని ఫోన్ చేసినప్పుడు మాటల్లో ఇది వచ్చింది. "మేడమ్, పుస్తకాలు తర్వాత చూద్దురు గానీ, ముందు అలెన్ అట్లాస్ తెరవండి. జన్యువు పేరు కొట్టండి, అదే చూపిస్తుంది" అంది. ఆ అమ్మాయి చెప్పినంత సులువుగా మొదటి రాత్రి నాకేమీ కనబడలేదు. పదో రాత్రికి కనబడింది.

ఇందులో నేను వాడేవి మూడు. ఒకటి ఎదిగిన ఎలుక మెదడుది, 2006లో పూర్తయింది, సుమారు 20,000 జన్యువులు. రెండోది పెరుగుతున్న ఎలుక మెదడుది, సుమారు 2,000 జన్యువులు. మూడోది కొత్తది, ఏబీసీ అట్లాస్ అంటారు. అందులో మెదడు ఫొటోకు బదులు ఒక్కో కణం ఒక్కో చుక్కగా కనిపిస్తుంది. మొదటిదాని గురించి పెద్దగా చెప్పను, పేరు కొడితే బొమ్మ వస్తుంది, పెద్దది చేసుకుని చూడటమే. నా మనసు దోచుకున్నది రెండోది.

దానికి ముందు నాలుగు మాటలు చెప్పాలి. మెదడు పైపొరను కార్టెక్స్ అంటాం. అందులోని నాడీకణాల్లో ఎక్కువ భాగం పక్కకణాన్ని ఉసిగొల్పేవి. ఎలుకలో చూస్తే సుమారు ఐదింట ఒకటి మాత్రం పక్కకణాన్ని ఆపేది. వీటిని నిరోధక నాడీకణాలు అంటారు. ఆపడానికి ఇవి వదిలే రసాయనం పేరు గాబా. మెదడులో గాబా ఉందని 1950లో యూజీన్ రాబర్ట్స్ చెప్పారు. ఈ ఐదింట ఒకటీ లేకపోతే మిగతా నాలుగూ ఒకదాన్ని చూసి ఒకటి రెచ్చిపోతాయి, అదే ఫిట్స్. ఇంతవరకూ నేను క్లాసులో కూడా చెప్పేదాన్ని. ఆపే కణాలన్నీ ఒకటేననుకునేదాన్ని, అవి కార్టెక్స్‌లోనే పుట్టాయనుకునేదాన్ని. రెండూ తప్పే.

పెరుగుతున్న ఎలుక అట్లాస్‌లో ప్రతి జన్యువుకూ ఏడు వయసుల్లో ముక్కలుంటాయి. తల్లి కడుపులో 11.5, 13.5, 15.5, 18.5 రోజులు, పుట్టాక 4, 14, 28 రోజులు. ఎలుక గర్భం సుమారు 19, 20 రోజులే కాబట్టి 13.5 రోజులంటే సగం దాటిన పిండం. తల నిలువుగా కోసిన ముక్క మీద, జన్యువు పనిచేస్తున్న చోట ఊదా రంగు పట్టి ఉంటుంది. పనిచేయని చోట లేతగా వదిలేసి ఉంటుంది.

మీరు తెరిస్తే ముందు ఎన్‌కేఎక్స్2-1 అనే జన్యువు చూడండి. 13.5 రోజుల ముక్కలో పైన కార్టెక్స్ కాబోయే పలచటి గోడ ఉంటుంది. దాని కింద, లోపలి నీటి గదిలోకి పొడుచుకొచ్చిన బుడిపెలు ఉంటాయి. వీటిని గాంగ్లియానిక్ ఎమినెన్సులు అంటారు. మధ్య బుడిపె ఎంజీఈ, పక్కది ఎల్‌జీఈ, వెనక తోక వైపున్నది సీజీఈ. ఎన్‌కేఎక్స్2-1 రంగు ఆ కింది భాగంలో, ఎంజీఈ దగ్గర చిక్కగా ఉంటుంది. పైన కార్టెక్స్ గోడ మీద రంగు ఉండదు. ఇప్పుడు అదే వయసులో ఎల్‌హెచ్‌ఎక్స్6 తెరవండి. మళ్ళీ ఎంజీఈ దగ్గరే రంగు. కానీ కాస్త ఓపిగ్గా బొమ్మను పెద్దది చేసి కార్టెక్స్ వైపు జరిపితే, గోడలోకి చుక్కలు చుక్కలుగా ఒక బారు వెళ్తూ కనిపిస్తుంది. 15.5 రోజులకు ఆ బారు కార్టెక్స్ నిండా పరుచుకుని ఉంటుంది.

నేను రాత్రి పదకొండున్నరకు మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆ బారు చూశాను. అక్క పక్కనే చాప మీద పిల్లాడి వీపు నిమురుతూ కూర్చుంది. "ఇవి ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళాయంటావా?" అని వేలు పెట్టి చూపించింది. "వెళ్ళాయి" అన్నాను. ఆపే కణాలు పుట్టేది కార్టెక్స్ బయట, కింద బుడిపెల్లో. ఉసిగొల్పే కణాలు పుట్టిన చోటి నుంచి నిట్టనిలువుగా పైకెక్కుతాయి. ఇవి మాత్రం అడ్డంగా, దూరం నుంచి నడిచొస్తాయి. దారిలో స్ట్రయేటమ్ అనే ప్రాంతం ఉంటుంది. కార్టెక్స్‌కు రావాల్సిన కణాలు అందులోకి దిగకుండా, వాటిని వెనక్కి నెట్టే అణువులు అక్కడ ఉంటాయి. కార్టెక్స్ చేరాక, సీఎక్స్‌సీఎల్12 అనే ఆకర్షణ అణువు అవి తమ బారులు తప్పకుండా చూస్తుంది.

ఎన్‌కేఎక్స్2-1 పైన ఎందుకు కనబడలేదో కూడా ఇందులోనే తెలుస్తుంది. ఎలుకలో కార్టెక్స్‌కు బయల్దేరే కణాలు ఎంజీఈ దాటగానే ఆ జన్యువును ఆపేసుకుంటాయి. స్ట్రయేటమ్‌లో ఉండిపోయేవి కొనసాగిస్తాయి. ఎల్‌హెచ్‌ఎక్స్6 మాత్రం కార్టెక్స్‌కు వెళ్ళినవాటిలో పెద్దయ్యాక కూడా పనిచేస్తూనే ఉంటుంది. పాఠ్యపుస్తకంలో ఇది ఒక వాక్యం. ఇక్కడ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని ఒకదాంట్లో ఖాళీ గోడ, ఒకదాంట్లో నిండు గోడ చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

ఒక విషయంలో జాగ్రత్త. ఈ ఫొటోలు చూసినంత మాత్రాన కణాలు నడిచాయని తేలదు. ఒక రోజు ఇక్కడ రంగు, ఇంకో రోజు అక్కడ రంగు, అంతవరకే ఫొటో చెప్పగలదు. అక్కడి కణాలే కొత్తగా ఆ జన్యువును మొదలుపెట్టి ఉండొచ్చు కదా అని ఏ తెలివైన విద్యార్థయినా అడుగుతాడు, అడగాలి కూడా. ఆ ప్రశ్నకు జవాబు 1997లో శాన్ ఫ్రాన్సిస్కోలో జాన్ రూబెన్‌స్టైన్ ల్యాబ్‌లో దొరికింది. పిండం మెదడు ముక్కను పళ్ళెంలో బతికించి, కార్టెక్స్‌కూ కింది భాగానికీ మధ్య కత్తితో తెగ్గోశారు. కార్టెక్స్‌లో గాబా కణాలు తగ్గిపోయాయి. డీఎల్‌ఎక్స్1, డీఎల్‌ఎక్స్2 అనే రెండు జన్యువులూ లేని ఎలుకల్లో ఈ ప్రయాణమే జరగలేదు, కార్టెక్స్‌లో సుమారు నాలుగింట మూడొంతుల గాబా కణాలు లేకుండా పోయాయి. అట్లాస్ వాడే ముందు ఈ ప్రయోగం తెలుసుకుంటేనే ఆ ఊదా చుక్కల బారుకు అర్థం. ఇది అట్లాస్ లోపమని నేననను. ఫొటో చేసే పని అది చేస్తోంది, మిగతాది మనం చదువుకోవాలి.

ఇక ఏబీసీ అట్లాస్. 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనల ఆధారంగా కట్టింది. ఎలుక మెదడు మొత్తం నుంచి సుమారు 40 లక్షల కణాలు తీసి, ఒక్కోదాంట్లో ఏయే జన్యువులు పనిచేస్తున్నాయో లెక్కపెట్టి, పోలిక ఉన్నవాటిని దగ్గర దగ్గరగా పేర్చారు. తెరవగానే రంగురంగుల దీవులు కనిపిస్తాయి. వాటిని 34 తరగతులుగా, 338 ఉపతరగతులుగా, చివరికి 5,322 గుంపులుగా విడగొట్టారు. ఏ స్థాయిలో కావాలంటే ఆ స్థాయిలో రంగులు మార్చుకోవచ్చు. పక్కన ఇంకో కిటికీ తెరిచి, ఆ కణాలే అసలు మెదడు ముక్కలో ఎక్కడున్నాయో చూడొచ్చు.

మొదటిసారి తరగతుల జాబితా తెరిచినప్పుడు నా కళ్ళు ఒక పేరు దగ్గర ఆగిపోయాయి. ఏడో తరగతి పేరు సీటీఎక్స్-ఎంజీఈ గాబా. సీటీఎక్స్ అంటే కార్టెక్స్, ఇప్పుడుంటున్న చోటు. ఎంజీఈ పుట్టిన చోటు. గాబా చేసే పని. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు మనం అడిగే మూడూ ఉన్నాయి. దానికి ముందున్న ఆరో తరగతి సీటీఎక్స్-సీజీఈ గాబా.

మా పుట్టింటి ఇంటిపేరు కోటిపల్లి. మూడు తరాలుగా మా వాళ్ళెవరూ కోటిపల్లిలో లేరు. తాతగారు చిన్నప్పుడే గోదావరి దాటి వచ్చేశారట. నాకు ఆ ఊళ్ళో తెలిసిన గడప ఒక్కటీ లేదు. అయినా నా పదో తరగతి సర్టిఫికెట్ మీద ఆ ఊరే ఉంది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినా సర్టిఫికెట్ మారలేదు. ఈ కణాల సంగతీ అంతే. బుడిపె వదిలిపెట్టి వచ్చేశాయి. పెద్ద ఎలుకలో ఆ బుడిపె ఆ రూపంలో మిగలదు కూడా. అయినా పెద్దకణాన్ని పట్టుకుని దాని జన్యువుల పనితీరు లెక్కపెడితే ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పేస్తోంది. 40 లక్షల కణాలను పోలికలను బట్టి పేర్చినవాళ్ళు పుట్టిన చోటు పేరుతోనే తరగతులు పెట్టాల్సి వచ్చిందంటే ఆ ముద్ర ఎంత బలమైనదో చూడండి.

ఆపే కణాల్లో రకాలు అర్థం చేసుకోవడానికి ఈ రెండు ఇంటిపేర్లు చాలు. ఎంజీఈ వాళ్ళు ప్రధానంగా రెండు కుటుంబాలు. పార్వాల్బుమిన్ అనే ప్రొటీన్ ఉన్నవి, సొమాటోస్టాటిన్ ఉన్నవి. సీజీఈ వాళ్ళలో వీఐపీ అనే అణువు ఉన్నవి, ల్యాంప్5 అనే ప్రొటీన్ ఉన్నవి వగైరా. పార్వాల్బుమిన్ కణాలు పక్కకణం ఒంటి మీదే, దాని నోరు నొక్కినట్టు పట్టుకుంటాయి, పైగా చాలా వేగంగా, వరసగా సంకేతాలు వదలగలవు. సొమాటోస్టాటిన్ కణాలు దూరంగా కొమ్మల చివర పట్టుకుంటాయి. వీఐపీ కణాలది ఇంకో తీరు. అవి ఎక్కువగా సొమాటోస్టాటిన్ కణాల్నే ఆపుతాయి. ఆపేవాణ్ణి ఆపితే కథ మళ్ళీ నడుస్తుంది.

వీటిలో నాకు ఇష్టమైనది షాండ్లియర్ కణం. ఎంజీఈ కింది కొస నుంచి, ఆ ఊరివాళ్ళలో చాలామందికన్నా ఆలస్యంగా పుడుతుంది. దాని తీగ చివర్లు వేలాడే దీపాల గుత్తిలా ఉంటాయి, ఒక్కో కొవ్వొత్తీ ఒక్కో పక్కకణం సంకేతం మొదలయ్యే చోటే నిలబడుతుంది. ఆ సంగతి 1977లో పీటర్ షొమొజి కనిపెట్టారు. ఏబీసీ అట్లాస్‌లో ఉపతరగతుల రంగు వేసి చూస్తే పార్వాల్బుమిన్ దీవి పక్కనే చిన్న లంకలా విడిగా ఉంటుంది.

ఇంకొకటి, ల్యాంప్5 ఎల్‌హెచ్‌ఎక్స్6 అనే ఉపతరగతి. ల్యాంప్5 వాళ్ళు మామూలుగా సీజీఈ ఊరివాళ్ళు. ఎల్‌హెచ్‌ఎక్స్6 ఎంజీఈ వాళ్ళ గుర్తు. రెండూ ఒకే పేరులో కనబడేసరికి టైపింగ్ తప్పేమో అనుకున్నాను. తప్పు కాదట. ఎలుకలో ఇవి జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్ అనే ప్రాంతంలో ఎక్కువ, కార్టెక్స్‌లో తక్కువ. కోతి జాతుల్లో, మనుషుల్లో కార్టెక్స్‌లో కూడా బాగా ఉన్నాయని 2020లో తేలింది. ఎలుకను చూసి మనిషిని పూర్తిగా ఊహించలేమని చెప్పడానికి నా విద్యార్థులకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

రకాల సంఖ్య దగ్గర మాత్రం కొత్తవాళ్ళు తికమక పడతారు. ఇదే సంస్థ 2016లో ఎలుక దృష్టి కార్టెక్స్‌లో 49 రకాలంది. 2018లో ఇంకో ప్రాంతం కూడా కలిపి, 23,822 కణాలు చూసి, 133 రకాలంది, అందులో ఆపేవి 61. 2019లో మనిషి కార్టెక్స్ ముక్క నుంచి 75 రకాలంటే వాటిలో 45 ఆపేవే. ఇప్పుడు మెదడు మొత్తానికి 5,322. ఏది నమ్మాలి? నేననేది, కింది స్థాయి గుంపుల్లోకి దిగకండి. ఎక్కువ కణాలు కొలిచేకొద్దీ, ఇంకా సన్నగా కోసేకొద్దీ ఆ అంకె మారుతుంది. ఉపతరగతి దగ్గర ఆగితే విషయం గట్టిగా ఉంటుంది. కణాలకు పేర్లు పెట్టడానికే 2005లో స్పెయిన్‌లో పెటీయా అనే ఊళ్ళో శాస్త్రవేత్తలు కూర్చున్నారు, నాడీకణాల శాస్త్రానికి మూలపురుషుడు కహాల్ పుట్టిన ఊరది. అప్పటికే చూసిన ఆకారాలు వేరు, విద్యుత్ తీరు వేరు, ప్రొటీన్లు వేరు, ఏ మాట వాడాలో ఒక దారికి రావడమే పెద్ద పనయింది.

2018 లెక్కలో ఒక సంగతి మాత్రం నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. చూసే కార్టెక్స్‌లో, కదలికలకు సంబంధించిన కార్టెక్స్‌లో ఉసిగొల్పే కణాల రకాలు వేరువేరుగా ఉన్నాయి. ఆపే కణాల రకాలు మాత్రం రెండు చోట్లా దాదాపు అవే. అక్కడికక్కడ పుట్టి పెరిగినవి ఆ చోటి తీరు పట్టుకున్నాయి, ఒకే బుడిపె నుంచి బయల్దేరి కార్టెక్స్ అంతటా సర్దుకున్నవి ఎక్కడికెళ్ళినా అదే కుటుంబంగా ఉన్నాయి.

ఇప్పుడు మా అక్క ప్రశ్న. ఏబీసీ అట్లాస్‌లో రంగును ఎస్‌సీఎన్1ఏకు మార్చాను. ఉసిగొల్పే కణాల దీవుల్లో కూడా రంగు లేకపోలేదు, కానీ పార్వాల్బుమిన్ దీవి దగ్గర గాఢంగా వెలిగింది. అక్కను పిలిచి చూపించాను. "ఇదిగో, ఇక్కడ." చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంత చిన్న గుంపా" అంది.

ఆ జన్యువు సోడియం లోపలికి వచ్చే ద్వారాన్ని తయారుచేస్తుంది. సంకేతం వదలాలంటే ఆ ద్వారం తెరుచుకోవాలి. వేగంగా వరసపెట్టి సంకేతాలు వదిలే పార్వాల్బుమిన్ కణాలకు ఈ ద్వారం చాలా ముఖ్యం. 2006లో సియాటిల్‌లోనే, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విలియం కాటరాల్ బృందం ఈ జన్యువు ఒక ప్రతి దెబ్బతిన్న ఎలుకల్ని పరీక్షించింది. ఆపే కణాల్లో సోడియం ప్రవాహం తగ్గిపోయింది, ఉసిగొల్పే కణాల్లో తగ్గలేదు. అంటే మా పిల్లాడి మెదడులో రెచ్చిపోయే కణాలు ఎక్కువ లేవు, పట్టి ఆపేవి నీరసంగా ఉన్నాయి. కార్బమజెపైన్ పనిచేసేది సోడియం ద్వారాల్ని మూసే పద్ధతిలోనే. అసలే నీరసంగా ఉన్న ఆపే కణాల మీద ఆ మందు పడితే ఏమవుతుందో ఆ ఏడాదిన్నర మేం కళ్ళారా చూశాం. అది చెడ్డ మందు కాదు, ఇంకో రకం మూర్ఛ ఉన్నవాళ్ళకు ఎందరికో అదే ప్రాణం నిలుపుతోంది, ఎవరూ ఇది చదివి మందు ఆపొద్దు. డ్రావే పిల్లలకు అది పడదు, అంతే. ఇప్పుడు వాడు వేసుకునే మందుల్లో క్లోబజామ్ ఒకటి. అది గాబా అందుకునే చోట పనిచేసి, ఉన్న కొద్ది గాబాకు బలమిస్తుంది.

ఆరో నెలలోనే ఎందుకు మొదలైంది, పుట్టగానే ఎందుకు రాలేదు అని కూడా అక్క అడిగింది. దానికి ఇదే సంస్థ ఇంకొందరితో కలిసి పెట్టిన బ్రెయిన్‌స్పాన్ తెరిచాను. అది మనిషి మెదడుదే, గర్భస్థ దశ నుంచి పెద్దవాళ్ళ దాకా. ఎస్‌సీఎన్1ఏ పుట్టకముందు తక్కువగా ఉండి, పుట్టిన తర్వాత పెరుగుతుంది. ఆ జన్యువు మీద మెదడు ఆధారపడే రోజులు వచ్చాకే దాని కొరత బయటపడింది. అక్క ఇన్నేళ్ళూ ఆరో నెలలో తలంటి పోయించినందుకే ఇలా అయిందని లోలోపల కుమిలిపోయింది. అమ్మ కూడా అదే బాధలో ఉండేది. ఆ గ్రాఫు ప్రింటు తీయించి అమ్మకు చూపించాను. నీళ్ళ వేడి ఆ రోజు ఫిట్స్‌ను రప్పించిందే తప్ప, జబ్బు పుట్టుకతోనే ఉందని వివరించాను. అమ్మ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చూసింది.

ఇలాంటివి వాడటానికి ఏం కావాలంటే, కాస్త పెద్ద తెర, స్థిరమైన ఇంటర్నెట్, ఓపిక. ఫొటోలు చాలా పెద్దవి. ఫోన్‌లో చూస్తే చుక్కలు తెలియవు. పేర్లన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, జన్యువు పేరు స్పెల్లింగు ఒక్క అక్షరం తప్పినా ఏమీ రాదు, కాబట్టి రిపోర్టు ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టండి. ఎలుకలో ఎస్‌సీఎన్1ఏ మనిషిలో ఎస్‌సీఎన్1ఏకు పోలికే గానీ, ఎలుక బొమ్మ చూసి పిల్లల భవిష్యత్తు చదవకండి. ఇది డాక్టరు దగ్గర అడగాల్సిన ప్రశ్నల్ని నేర్పుతుంది. మేం ఇప్పుడు అపాయింట్‌మెంట్‌కు వెళ్తే అక్కే మాట్లాడుతుంది. బావగారు ఫైలు పట్టుకుని పక్కన నిలబడతారు.

ఎంజీఈ తరహా కణాల్ని ల్యాబ్‌లో మూలకణాల నుంచి పెంచి, మందులకు లొంగని మూర్ఛ ఉన్న పెద్దవాళ్ళ మెదడులో అమర్చే ప్రయత్నం అమెరికాలో 2022లో మొదటి రోగితో మొదలైంది. అది మెదడు పక్కభాగంలో మొదలయ్యే టెంపొరల్ లోబ్ మూర్ఛకు, డ్రావేకు కాదు. ఈ సంగతి అక్కకు చెప్పాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించి చెప్పాను. ఆశ పెట్టుకోవద్దని మాత్రం అనలేదు.

డిగ్రీ కాలేజీ లెక్చరర్లకు నా సలహా ఒకటే. మెదడు అభివృద్ధి పాఠం చెప్పే రోజున బోర్డు మీద బొమ్మ గీసే ముందు ఈ ముక్కలు చూపించండి. మా కాలేజీ ల్యాబ్‌లో ఇంటర్నెట్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి, ముందు రాత్రే ఇంట్లో తెరిచి, కావలసిన బొమ్మలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటాను. వరస ఇది: 13.5 రోజుల ఎన్‌కేఎక్స్2-1, అదే వయసు ఎల్‌హెచ్‌ఎక్స్6, 15.5 రోజుల ఎల్‌హెచ్‌ఎక్స్6, తర్వాత ఏబీసీ అట్లాస్‌లో ఆరు, ఏడు తరగతులు. పోయినసారి మూడో బొమ్మకు వచ్చేసరికి వెనక నుంచి ఒక కుర్రాడు "మేడమ్, అవి దారి ఎలా కనుక్కుంటాయి?" అని అడిగాడు. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

వచ్చే నెల సెకండియర్ వాళ్ళకు మళ్ళీ చెప్పాలి. ఈసారి అక్క కూడా వస్తానంది. పిల్లాణ్ణి స్కూల్లో దింపి, పదిన్నరకల్లా వచ్చి వెనక బెంచీలో కూర్చుంటుందట.